ఎడమ అద్దంలో డబ్బా

ఆ వీధిలో కారు తోలడం వచ్చినవాళ్ళంతా ఆ విద్యను ఒకే చోట నేర్చుకున్నారు. సోఫాల ఆయన ప్రహరీ పక్కనుంచి లోపలికి పోయే సన్నటి దారిలో. నేర్పింది డ్రైవింగ్ టీచరమ్మ. ఆవిడ ఇల్లు ఆ దారి కొసన ఉంది. రోడ్డెక్కాలంటే ఆవిడకి అదొక్కటే గతి.

దారి మట్టి సోఫాల ఆయనది. వాళ్ళ నాన్న ఎప్పుడో వెనక స్థలం టీచరమ్మ మావగారికి అమ్ముతూ, దారి మీద రాకపోకల హక్కు కూడా కలిపి రాసిచ్చాడు. అంటే మట్టి ఆయనది, నడక ఈవిడది. ఇందులో ఇన్నేళ్ళూ ఎవరికీ ఏ చిక్కూ కనబడలేదు. పనిగట్టుకుని వెతికేవాళ్ళకు కనబడుతుంది గాని, ఎవరి పనిలో వాళ్ళుంటే చిక్కులెందుకు కనబడతాయి?

దారి మొదట్లో, లోపలికి చూస్తూ నిలబడితే ఎడం పక్కన, పక్కింటి ప్లీడరుగారి గోడకు ఆనీ ఆననట్టు ఒక ఇనప స్టాండు ఉండేది. దాని మీద మూడిళ్ళ ఉత్తరాల డబ్బాలు వరసగా. సోఫాల ఆయనదొకటి, ప్లీడరుగారిదొకటి, టీచరమ్మదొకటి. మూడూ తుప్పు పట్టి, స్టాండు ఒక పక్కకు ఒంగి, మొత్తానికి చూడముచ్చటగా మాత్రం ఉండేది కాదు. మూడింటినీ కలిపి అందరూ "డబ్బా" అనే అనేవాళ్ళు.

టీచరమ్మ దగ్గరికి వచ్చేవాళ్ళంతా భయస్థులు. పెద్ద పెద్ద స్కూళ్ళు విసుక్కుని పంపేసినవాళ్ళు, హారన్ వింటే చెమటలు పట్టేవాళ్ళు. వాళ్ళను ఆవిడ మొదటి రోజే రోడ్డు మీదికి తీసుకుపోయేది కాదు. బళ్ళూ మనుషులూ లేని ఆ దారిలో కూర్చోబెట్టి వెనక్కి తియ్యడం నేర్పేది. కారు ముక్కు ఇంటివైపు, తోక రోడ్డువైపు. "డబ్బా ఎడమ అద్దంలోంచి జారి కిటికీలోకి రాగానే ఆగు. ఊపిరి పీల్చు. ఇప్పుడు పూర్తిగా తిప్పు." ఇంతే మంత్రం. కొంచెం ముందు తిప్పితే గోడ గీసుకుంటుంది, ఆలస్యమైతే రోడ్డవతల కరెంటు స్తంభం పలకరిస్తుంది. ఆ మంత్రం పట్టుకుని సోఫాల ఆయన నేర్చుకున్నాడు, ప్లీడరుగారు నేర్చుకున్నారు, ఉత్తరాలు తెచ్చే పోస్టమ్మ కూడా నేర్చుకుంది. భర్త పోయాక టీచరమ్మ ఇల్లు నడిచింది ఆ దారి మీదే, ఆ మంత్రంతోనే.

అలాంటి చోట గొడవ ఎలా వచ్చిందయ్యా అంటే, ఒక సోఫా వల్ల వచ్చింది.

సోఫాల ఆయన షెడ్డు తలుపు ఆ దారిలోకే తెరుచుకుంటుంది. ఒక హోటలు వాళ్ళకని పొడుగాటి సోఫా తయారుచేశాడు. పచ్చ మఖమలు గుడ్డ, చేత్తో నిమిరితే రంగు మారేంత మెత్తన. దాన్ని ఇద్దరు మనుషులు మోసుకొచ్చి రోడ్డు దగ్గర మలుపు తిప్పుతుంటే డబ్బా అంచు గీరుకుని, గుడ్డ మోచేతంత పొడుగున చిరిగింది. సోఫాల ఆయన పని చేసేటప్పుడు పెదాల మధ్య చిన్న చిన్న మేకులు పట్టుకుని ఒక్కొక్కటే తీసి కొడుతుంటాడు. మాట్లాడినా మేకుల సందునుంచే. ఆ రోజు మాత్రం మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మేసి మరీ తిట్టాడు. డబ్బా మంచిది కాబట్టి తిరిగి ఏమీ అనలేదు.

సాయంత్రం టీచరమ్మ దగ్గరికి వచ్చి, డబ్బాను కుడివైపు తన గేటు స్తంభం పక్కకు మార్చేస్తానన్నాడు. న్యాయంగానే అడిగాడు, మర్యాదగానే అడిగాడు. టీచరమ్మ కుదరదంది. ఎందుకు కుదరదంటే ఆవిడ దగ్గర కారణం లేదు. ఉన్నచోట ఉన్నదాన్ని ఎందుకు కదపడం అంది. మూడిళ్ళ ఉమ్మడి సొత్తు మీద ఒక్కరి పెత్తనం ఏంటంది. ఇంకా ఏవేవో అంది. నోటికి ఎన్ని మాటలొస్తున్నాయో, మనసుకు ఒక్క కారణం కూడా తోచడం లేదని ఆవిడకే తెలుస్తోంది. అది తెలిసేసరికి ఇంకా కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున లేచి చూస్తే డబ్బా కుడివైపు ఉంది. టీచరమ్మ పళ్ళు కూడా తోముకోకుండా దాన్ని పెకిలించి ఎడమవైపు పాతి, అప్పుడు కారు తీసింది. ఆ మర్నాడు మళ్ళీ కుడి. మళ్ళీ ఎడమ. అన్నయ్యా, చెల్లెమ్మా అని పిలుచుకునేవాళ్ళు కాస్తా "మీరు" అనుకోవడం మొదలుపెట్టారు. సోఫాల ఆయన ఒక మెట్టు పైకెక్కి "మేడమ్" అన్నాడు. ఆ "మేడమ్" టీచరమ్మకు చెంపదెబ్బలా తగిలింది.

న్యాయం అడుగుదామంటే ప్లీడరుగారున్నారు గదా. ఆయన ఎడమ చెవితో ఈవిడ గోడు, కుడి చెవితో సోఫాల ఆయన గోడు విని ఇద్దరికీ నువ్వే గెలుస్తావని చెప్పారు. డబ్బా కదపకూడదనీ వాదించొచ్చట, కదిపి తీరాలనీ వాదించొచ్చట. వృత్తి ధర్మం అంటే అదేనేమో మరి. ఇద్దరూ రెట్టించిన ఉత్సాహంతో ఇంటికి వెళ్ళారు.

చివరికి పోస్టమ్మకు ఒళ్ళు మండింది. రోజుకో పక్క నిలబడే డబ్బాను వెతుక్కోవడం తన ఉద్యోగంలో లేదంది. ఏ పక్కనైనా తనకు ఒకటే, చెయ్యి అందితే చాలు, కానీ ఆదివారం లోపల తేల్చుకోకపోతే మూడిళ్ళ ఉత్తరాలూ ఆఫీసులోనే పెట్టేస్తాను, వచ్చి వరసలో నిలబడి తీసుకోండి అని చెప్పేసి వెళ్ళింది.

దాంతో ఆదివారం పొద్దున్నే దారిలో పంచాయితీ. సోఫాల ఆయన ఈసారి తగ్గదలుచుకోలేదు. పెదాల మధ్య మేకులు అలాగే ఉంచుకుని, మేడమ్ గారికి డబ్బా మీద అంత పట్టుదలుంటే తనకూ తన మట్టి మీద ఉందన్నాడు. దారికి గేటు పెడతానన్నాడు. హక్కు రాకపోకలకి, కాబట్టి మనిషి నడవడానికి చిన్న తలుపు వదులుతాడట. కారు పెట్టుకోవడానికి వీధి చివర బోలెడు చోటుందట.

టీచరమ్మకు ముందు తన పాఠాలు గుర్తొచ్చాయి. కారు వీధి చివర పెడితే ఆ భయస్థులు ఎక్కడ నేర్చుకుంటారు? నడిరోడ్డు మీదా? ఒక్కళ్ళు కూడా రారు. కానీ భయమేస్తే నోరు మూసుకునే మనిషి కాదావిడ. భయమేస్తేనే ఎక్కువ మాట్లాడుతుంది.

"పెట్టుకోండి మీ డబ్బా మీ ఇష్టమొచ్చిన చోట. అదెక్కడుంటే నాకేం? కళ్ళు మూసుకుని తీస్తా నా కారు. బయటికి తీసేటప్పుడు నా కారు దేనికైనా తగిలిందా, ఆ రోజునుంచి వీధి చివరే పెట్టుకుంటా. మీ గేటు మీరు పెట్టుకోండి."

"ప్లీడరుగారూ, విన్నారుగా," అన్నాడు సోఫాల ఆయన.

విన్నానన్నట్టు ప్లీడరుగారు తలూపారు. డబ్బా కుడివైపుకి వెళ్ళింది. టీచరమ్మ తలెత్తుకుని ఇంట్లోకి వచ్చింది. లోపల అత్తగారు చిక్కుళ్ళు ఒలుస్తూ కోడలి మొహం చూసి, ఏమీ అడగలేదు. ఆవిడ అడగలేదంటే అన్నీ విన్నదని అర్థం.

సోమవారం పొద్దున టీచరమ్మ కారెక్కింది. పక్క సీట్లో ఆ రోజే చేరిన బ్యాంకు ఉద్యోగిని, సీటు బెల్టు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఎలా తియ్యాలో ముందు నేను చూపిస్తానంది టీచరమ్మ. రివర్సు గేరు వేసింది. కారు మెల్లగా వెనక్కి జరిగింది. సోఫాల ఆయన అరుగు మీద కాఫీ తాగుతూ ఇటే చూస్తున్నాడు. టీచరమ్మ ఎడమ అద్దంలోకి చూసింది.

గోడ. గోడ తప్ప ఇంకేమీ లేదు.

కారు జరుగుతోంది, గోడ జరుగుతోంది, జారి కిటికీలోకి రావలసినదేదీ రావడం లేదు. కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళింది. ఎంత దూరం వచ్చింది? ఇప్పుడు తిప్పాలా, ఇంకాస్త ఆగాలా? ఇన్నేళ్ళుగా రోజూ చేసిన పని, ఒక్కసారిగా చేతుల్లోంచి ఎవరో లాక్కుపోయినట్టయింది. తిప్పితే గోడ, తిప్పకపోతే స్తంభం. ఏది తగిలినా దారి పోతుంది. ఆవిడ మళ్ళీ ముందుకి గేరు వేసి, కారు ఇంటి ముందు ఆపేసింది. బ్యాటరీ దిగిందండీ అని బ్యాంకు ఆవిడకు చెప్పింది. ఇంజను చక్కగా గుర్రుగుర్రుమంటూనే ఉంది. పాపం, ఆవిడ కొత్త మనిషి, నమ్మేసింది.

ఆ రోజు పాఠం వరండాలో జరిగింది, రోడ్డు గుర్తుల మీద. మర్నాడూ అంతే. ముందింటి అరుగు మీద సోఫాల ఆయన మీసం ఉత్సాహంగా కదలడం టీచరమ్మ చూస్తూనే ఉంది. కారు కదలడం లేదని సోఫాల ఆయనకు ధైర్యం వచ్చి, గేటు స్తంభం కోసం గొయ్యి కూడా తవ్వేశాడు. సరిగ్గా పాత డబ్బా ఉన్నచోటే, ఎడమవైపున. పలుగు దెబ్బ పడిన ప్రతిసారీ ఇక్కడ టీచరమ్మ ప్రాణం ఉలిక్కిపడింది.

"బ్యాటరీ ఎక్కడ పోయిందో నాకు తెలుసులే," అంది అత్తగారు మధ్యాహ్నం అన్నాల దగ్గర.

టీచరమ్మ తల వంచుకుని ముద్ద కలిపింది.

"ఆ డబ్బా మొదట్లో కుడివైపే ఉండేది. అతగాడి గేటు పక్కనే. నువ్వు కారు నేర్చుకునేటప్పుడు రెండుసార్లు కరెంటు స్తంభాన్ని గుద్దావు, గుర్తుందా? అప్పుడు మావాడు దాన్ని పీకి ఎడమవైపు పాతాడు. నువ్వు కూర్చుని చూస్తుంటే, నీ అద్దంలోకి వచ్చేదాకా ఒంచాడు. ఆగు, ఊపిరి పీల్చు అని అక్కడ నిలబడి అరిచేవాడు. వీధంతా నవ్వేవాళ్ళు."

టీచరమ్మ ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎంత మరిచిపోయింది! ఆ మాటలు తనవే అనుకుంది ఇన్నాళ్ళూ. వచ్చిన ప్రతి భయస్థుడికీ అవే చెప్పింది, అదే గొంతుతో చెప్పింది. చెప్పగా చెప్పగా మనిషి పక్కకు తప్పుకుని మాట మిగిలింది. ఆవిడకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ గుర్తు రానందుకు తన మీద తనకే కోపం కూడా వచ్చింది. వెళ్ళి ఈ మాట సోఫాల అన్నయ్యకు చెబితే సరిపోతుంది గదా అంటే, చెప్పదు. పందెం కాసి, తీరా ఇప్పుడు పోయిన మొగుణ్ణి అడ్డం పెట్టుకోవడమా? చచ్చినా చెప్పదు.

అత్తగారికి అంత అభిమానం లేదు. బుధవారం పొద్దున్నే ప్లాస్టిక్ కుర్చీ పట్టుకెళ్ళి, గోతి పక్కన, పాత డబ్బా చోట్లో వేసుకుని ఎర్ర శాలువా కప్పుకుని కూర్చుంది. "నన్నే డబ్బా అనుకో. తియ్యి కారు." సోఫాల ఆయన ఊరుకుంటాడా? హక్కు నడవడానికిగానీ కూర్చోవడానికి కాదన్నాడు. ప్లీడరుగారిని పిలిచారు. నడుస్తూ అలసిపోయి కూర్చున్నారని వాదించొచ్చు, కూర్చుందామనే వచ్చారనీ వాదించొచ్చు అని ఆయన సెలవిచ్చారు. టీచరమ్మకు మోసంగానే అనిపించినా గత్యంతరం లేక కారెక్కింది. ఎర్ర శాలువా అద్దంలో చక్కగా కనబడింది, దగ్గరైంది, కిటికీలోకి జారబోయేంతలో ఒక్కసారిగా మాయమైంది. కారు తోక మీదికి వస్తుంటే అత్తగారు కుర్చీ వదిలేసి ఒకటే పరుగు.

"డబ్బాకి భయం లేదే తల్లీ, నాకుంది," అంది ఆయాసపడుతూ. కారు మళ్ళీ ఇంటి ముందుకి వచ్చేసింది.

ఇంతలో ఇంకో విచిత్రం జరిగింది. ప్లీడరుగారి కారు షెడ్డు కూడా ఆ దారిలోకే. గురువారం కోర్టుకి బయల్దేరి, వెనక్కి తీస్తూ తీస్తూ పోయి స్తంభాన్ని గుద్దారు. స్తంభం రోడ్డు మీదికి రావడమే తప్పని వాదించొచ్చని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. మధ్యాహ్నం పోస్టమ్మ పార్సిలు ఇవ్వడానికి చిన్న వ్యాను లోపలికి తెచ్చింది. పోయేటప్పుడు వెనక్కి తీస్తూ అదే స్తంభానికి వెనక లైటు అప్పజెప్పింది. అవమానంతో ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా గాజుపెంకులు ఏరుకుని పోయింది. ఎవరి సిగ్గు వాళ్ళు దాచుకున్నారు, అందుకని ఒకరి సంగతి ఒకరికి తట్టలేదు.

శుక్రవారం పొద్దున సోఫాల ఆయన హోటలు సోఫాను వ్యానులోకి ఎక్కించాడు. చిరిగిన గుడ్డ విప్పేసి, కొత్త మఖమలు తొడిగి, మళ్ళీ మొదటినుంచీ చేసిన సోఫా అది. తాళ్ళతో కట్టి, తనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. టీచరమ్మ వరండాలో బ్యాంకు ఆవిడకు నో పార్కింగ్ గుర్తు చెబుతోంది. వ్యాను వెనక్కి కదిలింది. టీచరమ్మ చూడకూడదనుకుంటూనే చూసింది.

వ్యాను తిన్నగా పోతోంది. తిప్పవలసిన చోటు దగ్గరపడింది, దాటింది. తిప్పలేదు. సోఫాల ఆయన మెడ ఎడమ అద్దం వైపు సాచి, కళ్ళు చిట్లించి, దేనికోసమో చూస్తున్నాడు. దేనికోసం చూస్తున్నాడో టీచరమ్మకు ఆ క్షణంలో తెలిసిపోయింది. డబ్బా కోసం! తన చేత్తో తనే పీకేసిన డబ్బా కోసం చూస్తున్నాడు మహానుభావుడు! ఆవిడకు నవ్వొచ్చింది. పోనీ, ఇంకొక్క అడుగు పోనీ. వ్యాను స్తంభానికి తగులుతుంది, గేటూ గీటూ అని ఇక నోరెత్తడు.

అప్పుడే రోడ్డు మీద నీళ్ళ ట్యాంకరు హారన్ వినబడింది. పల్లం కదా, జోరుగా దిగుతోంది. వ్యాను తోక అప్పటికే రోడ్డు మీద ఉంది.

టీచరమ్మ ఏం చేస్తోందో ఆవిడకే తెలియలేదు. చేతిలో పుస్తకం ఎటో పడింది. దారిలోకి పరిగెత్తింది.

"ఆగు!"

వ్యాను ఆగిపోయింది. ఎన్నేళ్ళ క్రితమో ఆ గొంతు వినగానే బ్రేకు తొక్కడం అలవాటైన కాలు, ఆలోచించకుండా తొక్కింది. ట్యాంకరు వ్యాను వెనకనుంచి బెత్తెడు దూరంలో గాలి విసురుతూ పోయింది. మఖమలు సోఫా తాళ్ళ మధ్య ఒక్కసారి ఊగి సర్దుకుంది.

"ఊపిరి పీల్చు," అంది టీచరమ్మ. "కొంచెం ముందుకి రా. చాలు. ఇప్పుడు మళ్ళీ వెనక్కి... ఇంకా... ఆగు. పూర్తిగా తిప్పు."

వ్యాను ఎక్కడా తగలకుండా మెత్తగా రోడ్డు మీదికి మళ్ళి నిలబడింది. సోఫాల ఆయన దిగాడు. పెదాల మధ్య మేకులు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకున్నాడు.

"డబ్బా కనబడలేదు టీచరమ్మా," అన్నాడు చిన్నపిల్లాడిలా.

మేడమ్ పోయింది, మీరు పోయింది. టీచరమ్మకు అంతసేపూ ఆపుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"నాకూ కనబడలేదు అన్నయ్యా. నా బ్యాటరీ బాగానే ఉంది. డబ్బా లేకపోతే నాకు తియ్యడం రాదు. ఆయన నాకు అలాగే నేర్పాడు. అంతకంటే నాకేం తెలియదు." కళ్ళు తుడుచుకుంది. "పందెం నేనే ఓడిపోయాను. కారు సాయంత్రం వీధి చివర పెట్టేస్తా."

బ్రేకు శబ్దానికి బయటికొచ్చిన ప్లీడరుగారు గోడ మీదనుంచి అంతా వింటున్నారు. సోఫాల ఆయన అటు తిరిగి ఏమంటారన్నాడు. ప్లీడరుగారు తన కారు వెనక సొట్ట వైపు ఒకసారి చూసుకుని గొంతు సవరించుకున్నారు.

"బయటికి తీసేటప్పుడు తగిలితే అని కదా ఆవిడ మాట. తియ్యనే లేదు, తగలనే లేదు. ఆవిడ ఓడిపోలేదు. ఇందులో రెండో వాదన లేదు."

ఆయన నోట ఒక్క వాదన రావడం ఆ వీధి అదే మొదటిసారి వినడం.

హోటలు సోఫా చేరవేసి వచ్చాక సోఫాల ఆయన ఆ మధ్యాహ్నమే పనిలోకి దిగాడు. గేటు కోసం తవ్విన గొయ్యి ఎలాగూ ఉంది, డబ్బాను తెచ్చి అందులోనే నిలబెట్టాడు. మరి మఖమలు మళ్ళీ చిరిగితే? దానికీ ఉపాయం ఆయన చేతిలోనే ఉంది, కోపంలో ఇన్నాళ్ళూ తోచలేదు గాని. డబ్బా అంచులన్నిటికీ స్పాంజి అంటించి, మీద పసుపు రెక్సిన్ తొడిగి, వరసగా ఇత్తడి మేకులు కొట్టాడు. కుర్చీకి చేసినంత శ్రద్ధగా చేశాడు. ఉత్తరాలు పడే సందులకు కూడా మడతలు కుట్టాడు. అత్తగారు వచ్చి చేత్తో నొక్కి చూసి, దీనికున్న భోగం మనకు లేదంది.

సిమెంటు పోసేముందు టీచరమ్మను కారులో కూర్చోమన్నాడు. పొద్దున వ్యాను తిరిగిన చోటు గుర్తుపెట్టుకుని, అక్కడ కారు ఆపి ఆవిడ ఎడమ అద్దంలోకి చూసింది. ఆయన స్టాండును నిటారుగా పట్టుకుని నిలబడ్డాడు.

"కొంచెం ఒంచు అన్నయ్యా."

"ఒంచితే ఏం బాగుంటుంది? తిన్నగా కుదిరింది కదా."

"బాగుండడానికి కాదు. అది ఒంగే ఉండేది."

ఆయన ఒంచాడు. ఇంకాస్త అంది. ఇంకాస్త ఒంచాడు. అద్దంలో పసుపు డబ్బా జరిగి జరిగి, అంచుకి వచ్చి ఆగింది. టీచరమ్మ అద్దంలోంచి కళ్ళు తిప్పలేదు. చాలా, ఇంకా ఒంచాలా, చెయ్యి లాగేస్తోంది అని ఆయన అడిగితే, చాలు అంది.

మర్నాడు పొద్దున బ్యాంకు ఆవిడను స్టీరింగు ముందు కూర్చోబెట్టింది. కారు మెల్లగా వెనక్కి కదిలింది. పసుపు డబ్బా అద్దంలో కనబడింది, పెద్దదైంది, జారి కిటికీలోకి వచ్చింది.

"ఆగు," అంది టీచరమ్మ. "ఊపిరి పీల్చు."

ఇద్దరూ పీల్చారు. బ్యాంకు ఆవిడ స్టీరింగు తిప్పింది, కారు దేనికీ తగలకుండా రోడ్డు మీదికి వచ్చింది. ఇంత బాగా ఎవరు నేర్పారండీ మీకు అని ఆవిడ సంతోషం పట్టలేక అడిగింది.

"మా ఆయన," అంది టీచరమ్మ.